పాత రికార్డా, రీమాస్టరా? మూడో పాఠం: ముందు వాల్యూమ్ సమం చేయండి

కిందటి పాఠంలో ఎల్పీ లేబుల్ చుట్టూ, పాట అయిపోయాక మిగిలే నునుపైన భాగంలో ఉండే మ్యాట్రిక్స్ నంబరు (అది ఏ ముద్రణో చెప్పే గుర్తు) చదవడం నేర్చుకున్నాం. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన ఘంటసాల రికార్డుకు రీమాస్టర్ సీడీ, అంటే పాత రికార్డింగునే కొత్తగా సరిదిద్ది విడుదల చేసిన సీడీ, కూడా సంపాదించారనుకుందాం. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "సీడీలో క్లియర్‌గా ఉందండీ." ఆ తీర్పు అప్పుడే ఇవ్వొద్దు. చాలాసార్లు అది క్లారిటీ కాదు, వట్టి వాల్యూమ్.

మన చెవి కింది, పై స్థాయి శబ్దాలన్నిటినీ ఒకేలా వినదు. తక్కువ వాల్యూమ్‌లో బేస్, బాగా పై స్థాయి శబ్దాలు చెవికి తగ్గిపోతాయి. వాల్యూమ్ పెంచితే అవి నిండుగా వస్తాయి. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. చిక్కేమిటంటే, తేడా ఒక డెసిబెల్ లోపు ఉంటే "ఇది పెద్దగా ఉంది" అని మనకు అనిపించదు, "ఇది బాగుంది" అనిపిస్తుంది. 1990ల నుంచి వచ్చిన రీమాస్టర్లలో చాలావాటిని లిమిటర్‌తో (పెద్ద శబ్దాల శిఖరాలను అణిచే సాధనం) నొక్కి వాల్యూమ్ పెంచారు. అంటే పోటీ మొదలవకముందే సీడీ ముందుంటుంది. నా దృష్టిలో వాల్యూమ్ సమం చేసే ఈ ఒక్క పని చేయకుండా రాసే ఏ పోలికకూ విలువ లేదు.

పని ఇలా చేయండి. ప్లేయర్ నుంచి ఫోనో ప్రీయాంప్ (సూది నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పెట్టె), అక్కడి నుంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే పెట్టె), తర్వాత కంప్యూటర్. కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఖరీదైనవి అక్కర్లేదు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్లలో రికార్డు చేయండి, ఎంత పెద్ద శబ్దం వచ్చినా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. పాట మొదలవకముందు సూది ఖాళీ గాడిలో తిరిగే గరగర కూడా కొన్ని సెకన్లు రికార్డు చేయండి, దానితో తర్వాత పనుంది. ఇక సీడీ నుంచీ ఎల్పీ నుంచీ ఒకే ముక్క కత్తిరించుకోండి. వాద్యాలు మాత్రమే ఉన్న ఆరంభం వద్దు. గొంతు నిండుగా ఉన్న పల్లవి, అరనిమిషం చాలు. రెంటికీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ పెట్టి మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) తెండి. అంత కిందికి ఎందుకంటే, చిన్నదాన్ని పైకి లాగితే దాని శిఖరాలు తెగిపోవచ్చు. పెద్దదాన్ని దించితే ఏ నష్టమూ లేదు.

వాల్యూమ్‌తో పాటు శ్రుతి కూడా సమంగా ఉండాలి. కాస్త వేగంగా తిరిగే పాట హుషారుగా, మెరుపుగా వినిపించి మోసం చేస్తుంది. ఎల్పీలో 3 నిమిషాల 20 సెకన్లు ఉన్న పాట సీడీలో 3 నిమిషాల 18 సెకన్లకే అయిపోతే తేడా ఒక శాతం. ఒకదాన్ని రెండోదానికి సరిచేసి, ఆ తర్వాతే వినండి. మన ఊళ్లో ఇంకో సమస్య తరచూ చూస్తుంటాం. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత ప్లేయరుకు ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తారు. అది 110 వోల్టులు ఇస్తుంది గానీ మన కరెంటు 50 హెర్ట్జ్‌ను అమెరికాలోని 60 చేయలేదు. సింక్రనస్ మోటారు (కరెంటు హెర్ట్జ్‌ను బట్టి తిరిగేది) ఉన్న ప్లేయరైతే నిమిషానికి 33⅓కి బదులు దాదాపు 27.8 చుట్లే తిరుగుతుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ బాధ లేదు.

ఇప్పుడు ఆ గరగర సంగతి. రికార్డు చప్పుడు వినగానే ఏది ఏదో తెలిసిపోతుంది, మనసు అప్పుడే ఒక పక్షం చేరిపోతుంది. అందుకని ఖాళీ గాడి ముక్కను సీడీ ముక్క కింద కలపండి. ఎల్పీ పాటను ఎన్ని డెసిబెల్స్ మార్చారో ఈ గరగరనూ సరిగ్గా అన్నే మార్చాలి. రెండు ఫైళ్లకూ ఒకటి, రెండు అని పేర్లు పెట్టే పని ఇంట్లో ఇంకెవరికైనా అప్పజెప్పండి. రాత్రి ట్రాఫిక్ తగ్గాక, ఫ్యాన్ ఆపి, హెడ్‌ఫోన్స్‌లో వినండి.

ఒకసారికి ఒక్క విషయమే వినండి. మొదట తబలా దెబ్బ: గొంతుకంటే ముందుకు దూకుతోందా, గొంతుతో పాటు నలిగిపోతోందా? లిమిటర్ గట్టిగా పనిచేసిన చోట దెబ్బ మొదటి అంచే పోతుంది. తర్వాత వీణ లేదా సితార్ మీటు చివర: నాదం మెల్లగా కరుగుతోందా, కత్తిరించినట్టు ఆగుతోందా? ఆగితే శబ్దం శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ గరగరతో పాటు నాదాన్నీ తీసేసిందని అనుమానించవచ్చు. చివరగా "స", "శ" అక్షరాలు. ఇక్కడ పాత రికార్డే ఓడవచ్చు, ముఖ్యంగా లేబుల్‌కు దగ్గరున్న ఆఖరి పాటలో. అక్కడ గాడి సూది కింద నెమ్మదిగా కదులుతుంది, పై స్థాయి శబ్దాలు ఇరుకులో పడి చిట్లుతాయి. అరిగిన రికార్డులో మరీ ఎక్కువ.

స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ (శబ్ద తరంగం బొమ్మ) చూసి తీర్పు చెప్పొద్దు. ఒకే మాస్టర్ (మూల రికార్డింగు) నుంచి చేసినా ఎల్పీ బొమ్మ సీడీకంటే ఎక్కువ కోసుగా కనిపించవచ్చు, డైనమిక్ రేంజ్ మీటరు (చిన్న, పెద్ద శబ్దాల మధ్య తేడాను కొలిచేది) కూడా దానికి ఎక్కువ మార్కులు వేయవచ్చు. గాడి నుంచి సంకేతం వచ్చే దారిలో ఫేజ్ (వేర్వేరు స్థాయి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసే తీరు) మారి శిఖరాలు పెరగడమే అందుకు కారణం, సంగీతం మెరుగైందని కాదు.

ఈ వారం అభ్యాసానికి ఒకే పాట తీసుకోండి. తబలా, మీటు, "స" మూడింటికీ విడివిడిగా ఏ ఫైలు బాగుందో, ఒకటా రెండా, రాసుకుని, ఏది ఏదో ఆ తర్వాతే విప్పి చూడండి. నాలుగో పాఠంలో మోనో రికార్డులు, వాటిని స్టీరియోగా మార్చి అమ్మిన ముద్రణలు.