మందారం మొక్క జబ్బు గుర్తుపట్టి బాగుచేయడం ఎలా?

ఆకు పసుపు తిరిగితే నీళ్లు పోస్తారు, మొగ్గ రాలితే ఎరువు వేస్తారు, తెల్లగా ఏదో కనపడితే చేతికందిన మందు కొడతారు. మందారం జబ్బుతో కంటే ఈ తొందరతోనే ఎక్కువ చస్తుంది. ముందు చూడండి, తర్వాతే చేయి పెట్టండి.

కత్తెర, లీటరు స్ప్రే సీసా, పాత టూత్‌బ్రష్, వేపనూనె, పది కుంకుడుకాయలు, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉండే లవణం), నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ఉంటే చాలు.

పసుపైంది ఏ ఆకు?

కింది ముదురాకు ఒకటీ అరా పండి రాలితే అది వయసు, వదిలేయండి. కింది ఆకులు వరసగా పండుతుంటే మట్టిలో వేలు పెట్టి చూడండి. బంకగా, మురుగు వాసన వస్తే వేరు కుళ్లుతోంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం వానలు పట్టుకున్నప్పుడు, నల్లరేగడి నింపిన కుండీల్లో ఇదే జరుగుతుంది. మొక్కను బయటికి తీసి, పట్టుకుంటే తొక్క జారిపోయే నల్లటి వేళ్లన్నీ కత్తిరించండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి మళ్లీ నాటండి. కుండీ మట్టిదే అయి ఉండాలి, ప్లాస్టిక్‌ది వద్దు.

పైన లేతాకులు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉన్నా ఇలా అవుతుంది. కనిగిరి, పొదిలి వైపు బిందె అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లే మొక్కకూ పోస్తుంటే మట్టి క్షారంగా మారి, ఉన్న ఇనుమును వేరుకు అందనివ్వదు. అందుకే అన్నభేదిని మట్టిలో వేయబాకండి, ఆకు మీద కొట్టండి. లీటరు నీళ్లలో నిమ్మ ఉప్పు ఒక గ్రాము, అన్నభేది 5 గ్రాములు. వేరుశనగ రైతులకు తెలిసిన కొలతే ఇది. నిమ్మ ఉప్పు మానేస్తే నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మందు వృథా అవుతుంది. కలిపిన పూటే, సాయంత్రం, వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టండి. కొత్త చిగురు పచ్చగా వస్తే పని చేసినట్టు.

ఈ సమయంలో కోడిగుడ్డు పెంకులూ, పొయ్యి బూడిదా వేయమని అందరూ చెబుతారు. రెండూ క్షారాన్ని పెంచేవే. ఇనుము అందక పసుపైన మొక్కకు బూడిద వేయడమంటే జబ్బును పెంచడమే.

ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లటి పెచ్చు కడితే అది ఉప్పు. కుండీ పరిమాణానికి రెండు మూడింతలు మంచినీళ్లు మెల్లగా పోసి, అడుగు రంధ్రం నుంచి పోనివ్వండి. వాన నీళ్లయితే మరీ మేలు.

మొగ్గ రాలితే

రాలిన మొగ్గను గోటితో నిలువునా చీల్చండి. లోపల సన్నటి పురుగులు కదులుతుంటే రాలినవీ, పసుపైనవీ రోజూ ఏరి కవరులో బిగించి పారేయండి. కుండీలోనే వదిలితే పురుగు మట్టిలోకి దిగి, ఈగై మళ్లీ మొగ్గకే వస్తుంది. లోపల శుభ్రంగా ఉంటే ఎండ దెబ్బ, లేదా ఒకరోజు పోసి రెండు రోజులు మరిచే నీళ్లు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం నీడ ఇచ్చి, పొద్దున్నే నీళ్లు పోయండి.

పిండినల్లి: అందరూ చెడగొట్టేది ఇక్కడే

చిగురు ముద్దగా ముడుచుకుంటుంది. ముడత విప్పితే పిండి అద్దినట్టుంటుంది. పుల్లతో ఆ పిండి తొలగిస్తే గులాబీ రంగు ఒళ్లు కనపడుతుంది. ఇది రసం పీలుస్తూ విషం వదులుతుంది కాబట్టి ముడుచుకున్న చిగురు మళ్లీ విచ్చుకోదు. దాని మీద మందు కొట్టి ఎదురు చూడబాకండి. రెండు కణుపులు కిందికి కత్తిరించి, కవరులో కట్టేయండి.

మిగతా పిండిని బ్రష్‌తో, నీళ్ల ధారతో కడగండి. ఆ పిండే పురుగు మీది మైనం పొర, అది పోకుండా ఏ మందూ దాని ఒంటికి తగలదు. కడిగేటప్పుడు ఒళ్లంతా తెల్లటి కుచ్చులతో, పిండినల్లి కంటే పెద్దగా, చురుగ్గా పాకే పురుగు కనపడితే చంపబాకండి. అది పిండినల్లిని తినే ఒక రకం అక్షింతల పురుగు పిల్ల. కాఫీ తోటల్లో పొలుసు పురుగును అదుపు చేయడానికి 1898లో ఆస్ట్రేలియా నుంచి దాన్ని మన దేశానికి తెచ్చారు.

ఇక మందు. కుంకుడుకాయలు కొట్టి గింజ తీసి, కప్పు వేడినీళ్లలో అరగంట నానబెట్టి పిసికి వడకట్టండి. ఒక టీ చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల వేపనూనెలో నాలుగు చెంచాల రసం పోసి పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టండి. ఆ తర్వాతే కొద్దికొద్దిగా లీటరు నీళ్లు కలపండి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి చూడండి. పైన నూనె తేలితే అది కొట్టబాకండి, ఆ నూనె పడ్డచోటల్లా ఆకు మాడుతుంది. మళ్లీ రసం పోసి గిలక్కొట్టాల్సిందే. బట్టల సోడా, డిటర్జెంటు పొడి అసలు వద్దు. నూనె పది మిల్లీలీటర్లు పోస్తే త్వరగా పోతుందనుకోబాకండి, పోయేది ఆకులే.

మొదట ఒక కొమ్మ మీద కొట్టి ఒకరోజు ఆగండి. మాడకపోతే ఎండ వాలాక, ఆకు అడుగున, కణుపు సందుల్లో కారేదాకా తడపండి. పిండినల్లి గుడ్లు దూదిలాంటి సంచిలో ఉంటాయి, వాటికి ఈ మందు అంటదు. అవి వారం అటూ ఇటూగా పగులుతాయి, అప్పుడు బయటికొచ్చే పిల్లకు మైనం ఉండదు. కాబట్టి ఏడో రోజు, పద్నాలుగో రోజు మళ్లీ కొట్టాలి. ఒకసారి కొట్టి పోయిందనుకున్నవాళ్ల మొక్కే నెల తిరక్కుండా మళ్లీ తెల్లబడుతుంది. ఆరేలోపు వాన పడితే ఆ విడత లెక్కలోకి రాదు.

పూజకు కోసే పువ్వు, తలకు నూరే ఆకు ఇదే. మొక్క ఒళ్లంతా పాకే పురుగుమందులు పోయబాకండి, తేనెపిట్టలూ ఈ పూలకే వస్తాయి.

కాండం మీద చీమల బారు ఉంటే దాన్నీ తెంచాలి. తీపి జిగురు కోసం పిండినల్లికి కాపలా కాసేది చీమే. కుండీని ఇటుక మీద పెట్టి, ఆ ఇటుకను నీళ్ల పళ్లెంలో ఉంచండి, ఏ కొమ్మా గోడకు తగలకుండా చూడండి. మూడో విడత అయ్యాక వచ్చే చిగురు ముడత లేకుండా విచ్చుకునేదాకా ఆ పళ్లెం తీయబాకండి. దోమలు గుడ్లు పెట్టకుండా అందులో నీళ్లు రెండు రోజులకోసారి మార్చండి.