నెట్ ఆగిపోతుంటే ఆక్టేవ్ ప్యాకేజీ ఇలా ఎక్కించండి

ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఆక్టేవ్ (లెక్కలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) ప్యాకేజీ, అంటే దానికి అదనంగా చేర్చే భాగం, ప్రతిసారీ సగంలో ఆగిపోతోందా? విశాఖ మద్దిలపాలెంలో ఏ నెట్ సెంటర్‌లోనైనా కంట్రోల్, సిగ్నల్ ప్యాకేజీల టార్ జీజెడ్ (.tar.gz) కుదింపు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దించుకోండి. వాటిని విప్పొద్దు. ఆక్టేవ్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘పీకేజీ ఇన్‌స్టాల్’ (pkg install) పక్కన పూర్తి ఫైలు పేరు కొట్టండి. ముందు కంట్రోల్, తర్వాతే సిగ్నల్. సిగ్నల్‌కు కంట్రోల్ ఉండాలి కాబట్టి, తిరగేస్తే డిపెండెన్సీ ఎర్రర్ వస్తుంది. ఆక్టేవ్ తెరిచిన ప్రతిసారీ ‘పీకేజీ లోడ్ సిగ్నల్’ (pkg load signal) ఇవ్వాలి, చాలామంది మరిచేది ఇదే. అప్‌డేట్‌కీ ఇదే దారి: కొత్త ఫైలు ఎక్కించి, ఆక్టేవ్ మూసి తెరవండి. అయితే ప్యాకేజీ కోడ్‌ను కంపైల్ చేయడానికి, అంటే నడిచే ప్రోగ్రాంగా మార్చడానికి, కావాల్సిన ఆక్టేవ్ డెవలప్‌మెంట్ ఫైళ్లు ముందే లేకపోతే అక్కడే ఆగిపోతుంది. విండోస్ వాళ్లకు ఈ ఎక్కించే తిప్పలే లేవు, ఈ ప్యాకేజీలు ఆక్టేవ్‌తోనే వస్తాయి.