బీటా వదిలితే ఫోన్ ఖాళీ అయిందా? ముందు బిల్డ్ నంబర్ చూడండి

సమస్య: స్టేబుల్ (అందరికీ ఇచ్చే పూర్తయిన వెర్షన్) వచ్చేసింది కదా అని బీటా ప్రోగ్రామ్ (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్‌ని ముందే వాడి చూసేది) నుంచి పేరు తీసేశారు. వెంటనే ఒక అప్‌డేట్ వచ్చింది, నొక్కారు, ఫోటోలు, చాట్లు అన్నీ పోయాయి. నెల్లూరులో మా షాపుకి ఇలా గూగుల్ వాళ్ల పిక్సెల్ ఫోన్ పట్టుకొని వచ్చినవాళ్లని బిల్డ్ నంబర్ చూశారా అంటే "ఆండ్రాయిడ్ 16 అనే ఉండాది గదన్నా" అంటారు. ఆ 16 చూసి ఏమీ తెలియదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి అట్టడుగున ఉండే బిల్డ్ నంబర్ చూడాలి.

కారణం: ఆండ్రాయిడ్ 16 స్టేబుల్ వచ్చింది 2025 జూన్ 10న. దాని తర్వాతి విడత, క్యూపీఆర్1 (మూడు నెలలకోసారి వచ్చే పెద్ద అప్‌డేట్లలో మొదటిది) బీటా, అంతకంటే ముందే మే 20న వదిలారు. బీటాలో పేరున్న ఫోన్లకి అది అడక్కుండానే వచ్చేసింది. అంటే స్టేబుల్ వచ్చేసరికే మీ ఫోన్ దాన్ని దాటి ముందుకెళ్లిపోయింది. రెండిట్లోనూ 16 అనే కనిపిస్తుంది, కానీ స్టేబుల్ బిల్డ్ బీపీ2ఏ అని, ఆ బీటా బీపీ31 అని మొదలవుతాయి. పేరు తీసేయగానే వచ్చేది డౌన్‌గ్రేడ్, అంటే ఫోన్‌ని వెనక్కి స్టేబుల్‌కి దించేది, అది డేటా మొత్తం తుడిచేస్తుంది. ఆ సంగతి అప్‌డేట్ కింద రాసే ఉంటుంది. ఆ జూన్‌లో కోట వైపు నుంచి వచ్చిన ఒక రొయ్యల రైతు ఫోన్‌లో అది చదవకుండా నొక్కింది నేనే. నాలుగు చెరువుల మేత లెక్కలు, రోజూ పుస్తకంలో రాసి తీసుకున్న ఫోటోలు, ఒక్కటీ మిగల్లేదు, బ్యాకప్ కూడా లేదు. ఆయన ఒక్క మాట అనలేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పరిష్కారం: పేరు తీసేయండి, కానీ ఆ డౌన్‌గ్రేడ్ జోలికి పోవద్దు. అదే విడత స్టేబుల్ వచ్చేదాకా ఆగితే (క్యూపీఆర్1కి సెప్టెంబర్ 3 దాకా ఆగాల్సి వచ్చింది) డేటా పోకుండా దానిమీదే ఎక్కుతుంది. స్టేబుల్ ఎక్కాక బయటికి రావాలనుకునేవాళ్లు తర్వాతి బీటా వేసుకోకముందే పేరు తీసేయాలి.

బీటా అసలు రావడం లేదంటే చాలాసార్లు ఫోన్‌లో లేని వేరే జీమెయిల్‌తో బీటాలో చేరి ఉంటారు, అది చూడండి. స్టోరేజ్ నిండడం లాంటివి అరుదు. ఐఫోన్ వాళ్లు బీటా వేయకముందే కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి, కొత్త బ్యాకప్ దానిమీద పడకుండా ఆర్కైవ్ చేయండి, బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు.