జనాభా రెట్టింపు కావడానికి ఎన్నేళ్లు? లెక్క కట్టే పద్ధతి

జనాభా చక్రవడ్డీలా పెరుగుతుంది. ఈ ఏడాది పుట్టిన ఆడపిల్లలు రేపు తల్లులవుతారు, అంటే వడ్డీ అసలులో కలిసి మళ్లీ వడ్డీ తెస్తుంది. బారువడ్డీ లెక్క ఇక్కడ పనికిరాదు. లెక్కకు కావలసినవి మూడే: మొదటి జనాభా, తర్వాతి జనాభా, ఆ రెండింటి మధ్య గడిచిన ఏళ్లు.

మన దేశ జనాభా 2001 లెక్కల్లో 102.87 కోట్లు, 2011లో 121.09 కోట్లు. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో సైంటిఫిక్ బటన్లు కనిపిస్తాయి. ముందు 121.09ని 102.87తో భాగించండి: 1.1771. దానికి ఎల్ఎన్ బటన్ (ln అని ఉంటుంది, సహజ లాగరిథం) నొక్కితే 0.1631 వస్తుంది. కొన్ని ఫోన్లలో బటన్ ముందు, అంకె తర్వాత నొక్కాలి. 2కి ఎల్ఎన్ విలువ 0.6931. దాన్ని గడిచిన 10 ఏళ్లతో గుణిస్తే 6.931. ఇప్పుడు 6.931 ÷ 0.1631 = 42.5. ఆ దశాబ్దపు వేగమే కొనసాగితే దేశ జనాభా నలభై రెండున్నర ఏళ్లకు రెట్టింపవుతుందన్నమాట.

ఎల్ఎన్ బదులు లాగ్ (log, 10 ఆధారంగా ఉండే లాగరిథం) బటన్ వాడినా జవాబు అదే, కానీ 2కి కూడా లాగ్ విలువే (0.3010) తీసుకోవాలి. ఒకచోట ఎల్ఎన్, ఇంకోచోట లాగ్ వాడారో, 42 ఏళ్లు కాస్తా 98 అయి కూర్చుంటాయి. అనుమానం వస్తే మామూలు గుణకారంతో సరిచూసుకోండి. 1.177ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 1.92, ఐదుసార్లయితే 2.26. ఒక్కో సారి ఒక దశాబ్దం కాబట్టి, జవాబు 40కి 50కి మధ్య, 40కి దగ్గరగా ఉండి తీరాలి.

నోటి లెక్కకు 70 సూత్రం చాలు. 70ని ఏటా పెరిగే శాతంతో భాగించడమే: 2 శాతమైతే 35 ఏళ్లు, 1 శాతమైతే 70. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దశాబ్ద వృద్ధి 17.7 శాతమని చూసి, పదితో భాగించి ఏటా 1.77 అనుకుంటారు. అలా చేస్తే 39.5 ఏళ్లే వస్తాయి, అంటే మూడేళ్లు తక్కువ. చక్రవడ్డీ లెక్కన అసలు వార్షిక రేటు 1.64 శాతమే.

సరిహద్దులు మారిన చోట మరీ జాగ్రత్త. పాత రంగారెడ్డి జిల్లా జనాభా 2001లో 35.75 లక్షలు, 2011లో 52.97 లక్షలు. రెట్టింపు కాలం 17.6 ఏళ్లే! హైదరాబాద్ శివార్లకు వచ్చి స్థిరపడినవాళ్లు ఇందులో చాలామంది, కాబట్టి దీన్ని జననాల వేగమని చదవకూడదు. 2016లో ఆ జిల్లాను విడదీశారు. ఇప్పటి రంగారెడ్డి అంకెను పాత అంకె పక్కన పెట్టి భాగిస్తే వచ్చేది జనాభా వృద్ధి కాదు, సరిహద్దుల మార్పు.

వచ్చిన జవాబును జోస్యంగా తీసుకోకండి. 1971లో దేశ జనాభా 54.82 కోట్లు, 1981లో 68.33 కోట్లు. ఆ వేగంతో రెట్టింపు కాలం 31.5 ఏళ్లు, అంటే 2002కల్లా 109.64 కోట్లకు చేరాలి. 2001 నాటికి మనం 102.87 కోట్ల దగ్గరే ఉన్నాం. కాన్పులు తగ్గి వేగం మందగించడంతో ఆ గీత దాటేసరికి సుమారు 2005 అయింది. అందుకే ఎప్పుడూ తాజా జంట లెక్కలే తీసుకోండి, ఏ దశాబ్దపు వేగమో పక్కనే రాసుకోండి.

2001–2011 మధ్య నాగాలాండ్ జనాభా కాస్త తగ్గింది. అలాంటి చోట ఎల్ఎన్ విలువ మైనస్‌లో వస్తుంది. అది కాలిక్యులేటర్ తప్పు కాదు. తగ్గుతున్న జనాభాకు రెట్టింపు కాలమంటూ ఉండదు.