మారథాన్ రిజిస్ట్రేషన్ అయ్యాక మొదలయ్యే నొప్పులు: ఏది ఎందుకు, ఏం చేయాలి

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ కాబట్టి మన ఊళ్లో నొప్పుల సీజన్ జూన్‌లోనే మొదలవుతుంది. ఎండాకాలమంతా షూస్ బాల్కనీలో పడి ఉంటాయి. తొలకరి పడి కాస్త చల్లబడగానే కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీద, గచ్చిబౌలి స్టేడియం దగ్గర ఎక్కడ చూసినా జనమే. కొన్ని వారాలకి ఆయాసం తగ్గుతుంది, దమ్ము తిరిగొస్తుంది, ఇంకేముంది ఫిట్ అయిపోయాం అనిపించి కిలోమీటర్లు పెంచేస్తారు. గొడవంతా అక్కడే ఉంది. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో దారికొస్తాయి, ఎముకలూ టెండన్లూ (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) గట్టిపడాలంటే నెలలు కావాలి. కింద ఉన్నవాటిలో చాలావరకు ఈ తేడా వల్ల వచ్చేవే.

అన్నిటికీ పనికొచ్చే కొలత ఒకటి ముందే చెప్తాను. నొప్పికి పదికి మార్కులేసుకోండి. పరుగులో మూడు దాటకుండా, మర్నాడు పొద్దుటికి పెరగకుండా ఉంటే కొనసాగించొచ్చు. దాటితే తగ్గించండి. కుంటుతుంటే మాత్రం మార్కులతో పనిలేదు, ఆపేయడమే. వేలితో చూపించగలిగే ఎముక నొప్పికి ఈ కొలత వర్తించదు, దాని సంగతి వెంటనే కింద ఉంది.

మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంట నొప్పి

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకీ, గ్యాప్ తర్వాత వచ్చినవాళ్లకీ అన్నిటికన్నా ముందు వచ్చేది ఇదే, షిన్ స్ప్లింట్స్ అంటారు. ముందు ఎముక మీద వేలితో నొక్కుకుంటూ కిందికి రండి. బెత్తెడు మేర ఎక్కడ నొక్కినా నొప్పిగా ఉండి, పరుగు మొదట్లో ఎక్కువగానూ ఒళ్లు వేడెక్కాక తక్కువగానూ ఉంటే బహుశా అదే. ఎముక మీద పడే బరువు అది తట్టుకునే వేగం కన్నా తొందరగా పెరిగిందని అర్థం. రెండు వారాలు పరుగు సగానికి తగ్గించి, రోజు మార్చి రోజు పరుగెత్తండి, వీలైతే ఫుట్‌పాత్ కాంక్రీటు వదిలి మట్టి దారి పట్టుకోండి, పిక్కల బలానికి మడమలెత్తే వ్యాయామం చేయండి. ఐస్ పెడితే ఆ పూటకి హాయిగా ఉంటుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకండి.

నొప్పి వేలి కొన పెట్టి చూపించగలిగేంత ఒకే చోట ఉండి, ఆ ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోయినట్టుండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే కథ వేరు. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు, అంటే ఎముకలో సన్నటి పగులు. ఇక్కడ చాలామంది మోసపోయేది ఎక్స్‌రే దగ్గర. మొదటి రెండు మూడు వారాలు ఆ పగులు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, రిపోర్టు నార్మల్ వచ్చిందని మళ్లీ పరుగు మొదలుపెడతారు. అనుమానం ఉంటే ఆర్థోపెడిక్ డాక్టరుకి ఈ లక్షణాలన్నీ చెప్పి, ఎమ్మారై అవసరమా అని మీరే అడగండి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్, చోటుని బట్టి ఇంకా ఎక్కువ. పనిలో పనిగా విటమిన్ డి టెస్టు చేయించుకోండి. ఇంత ఎండ కాసే ఊళ్లో ఉండి డి లోపం ఏంటని నవ్వకండి, చీకటితో పరుగెత్తి, పగలంతా ఏసీ ఆఫీసులో కూర్చుంటే ఎండ తగిలేదెప్పుడు? ఇంకో మాట, బరువు తగ్గాలని తిండి బాగా తగ్గించి పరుగెత్తే ఆడవాళ్లకి నెలసరి తప్పుతుంటే అది ఎముకకి కూడా ప్రమాద సూచనే. మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పాలి.

పొద్దున మంచం దిగగానే మడమలో మేకు దిగినట్టు పోటు

పది అడుగులు వేశాక తగ్గి, మళ్లీ చాలాసేపు కూర్చుని లేస్తే వస్తుంటే అది ప్లాంటార్ ఫేషియైటిస్, అరికాలు పొడవునా ఉండే పట్టీ మడమకి అతుక్కునే చోట వచ్చే బాధ. ఎక్స్‌రే తీస్తే "మడమలో ఎముక పెరిగింది" అంటారు, ఇంట్లో అందరూ టెన్షన్ పడతారు. నొప్పే లేని ఎంతోమందికి కూడా ఆ ఎముక పెరిగే ఉంటుంది, దాని కోసం ఆపరేషన్ దాకా ఆలోచించకండి.

మన ఇళ్లలో ఇది తొందరగా తగ్గకపోవడానికి ఒక కారణం మార్బుల్, టైల్స్ మీద రోజంతా ఒట్టి కాళ్లతో తిరగడం. ఇంట్లో వేసుకోవడానికి మెత్తటి చెప్పులు ఒక జత పెట్టుకోండి, అమ్మ ఏమైనా అంటే వంటింటి బయటే వేసుకుంటానని చెప్పండి. మంచం దిగే ముందు కాలు మీద కాలేసుకుని వేళ్లని చేత్తో వెనక్కి లాగి పట్టుకోండి. అసలు మందు మాత్రం ఇది: మెట్టు అంచున నిలబడి, కాలివేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టి, మెల్లగా మడమ ఎత్తి మెల్లగా దించడం, రోజు మార్చి రోజు. నెలలు పడుతుంది, తొందరపడి లాభం లేదు. ఇంజెక్షన్ అంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, స్టెరాయిడ్ పదే పదే ఇస్తే ఆ పట్టీ తెగే ప్రమాదం కూడా ఉంది.

మడమ వెనక పట్టేసినట్టుంది

ఇది అకిలిస్ టెండన్, అంటే పిక్కని మడమకి కలిపే తాడు. పొద్దున బిగుసుకుపోయి, కదిలాక వదులవుతుంది. ఎత్తులు, స్పీడు పరుగులు ఒక్కసారిగా పెంచితే వస్తుంది, కేబీఆర్ బయటి దారిలో ఆ ఎక్కుడు దిగుడులు చాలు. పూర్తి విశ్రాంతి ఇస్తే నొప్పి తగ్గుతుంది, టెండన్ మాత్రం బలహీనపడుతుంది, మళ్లీ పరుగెత్తగానే నొప్పి తిరిగొస్తుంది. అందుకే దీనికి బరువు పెట్టే వ్యాయామమే చికిత్స. రెండు కాళ్లతో మడమలెత్తి, నొప్పి ఉన్న ఒక్క కాలితో మెల్లగా మెట్టు కిందికి దించడం, పదిహేను చొప్పున మూడు విడతలు, పూటకొకసారి చొప్పున రోజుకి రెండు పూటలా, పన్నెండు వారాలు. నొప్పి సరిగ్గా మడమ ఎముక దగ్గరే ఉంటే మెట్టు కిందికి దించకండి, నేల మీదే చేయండి.

ఈ మధ్య విరేచనాలకో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో సిప్రోఫ్లాక్ససిన్, ఆఫ్లాక్ససిన్ లాంటివి వాడారా? ఆ రకం యాంటీబయాటిక్స్ టెండన్లని దెబ్బతీయొచ్చు. డాక్టరుకి తప్పకుండా చెప్పండి, పరుగు ఆపండి. ఇక టప్పుమని శబ్దం వచ్చి, వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే టెండన్ తెగి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి

ఎక్కువసేపు కూర్చున్నా వస్తుంది, హైటెక్ సిటీ ఉద్యోగాలకి అచ్చంగా సరిపోయే జబ్బు. ఇది తెలియగానే పెద్దవాళ్లు "గుజ్జు అరిగిపోతుంది, మానేయ్" అంటారు. సరదాకి, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్లలో మోకాళ్ల అరుగుదల కూర్చునేవాళ్లకన్నా ఎక్కువేమీ లేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఇక్కడ సమస్య గుజ్జు కాదు, తొడ, తుంటి కండరాల బలం చాలకుండానే చిప్ప మీద బరువు పెరగడం. బడిలో వేయించిన గోడకుర్చీ గుర్తుందా? అదే వేయండి, నొప్పి లేనంత లోతుకే. తర్వాత గుంజీలు, పక్కకి పడుకుని కాలు ఎత్తడం. పరుగులో అడుగు పొడవు తగ్గించి, నిమిషానికి వేసే అడుగుల్ని ఐదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది. కొన్నాళ్లు దిగుడు రోడ్లు మానండి. మోకాలు వాచినా, మడిస్తే ఇరుక్కుపోయినా ఇవేవీ చేయకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

మోకాలి బయటి పక్కన, ప్రతిసారీ దాదాపు అదే దూరంలో పట్టేస్తోంది

ఇది ఐటీ బ్యాండ్, అంటే తుంటి నుంచి తొడ బయటి పక్కగా మోకాలి దాకా ఉండే పట్టీ. దిగుడు, లేదా పక్కకి వాలిన రోడ్డు అంచున ఎప్పుడూ ఒకే వైపు పరుగెత్తడం కారణం కావచ్చు. నొప్పి వచ్చే దూరానికి ముందే ఆపేయండి, తుంటి వ్యాయామాలు చేయండి. ఫోమ్ రోలర్ (కండరాల కింద పెట్టి దొర్లించే ఫోమ్ గొట్టం) ఇష్టమైతే వాడుకోండి, దానితోనే నయమవుతుందని మాత్రం అనుకోకండి.

నొప్పేమీ లేదు, కానీ పోయిన నెల కన్నా స్లో

చాలాసార్లు కారణం వాతావరణమే. మేలో ఎండ, జులైలో ఉక్క, అదే స్పీడుకి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీ చూడకండి, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగంలో వెళ్లండి, ఒంటికి అలవాటు కావడానికి రెండు వారాలివ్వండి, పరుగయ్యాక ఉప్పేసిన మజ్జిగ తాగండి. డెంగీ, వైరల్ జ్వరం తర్వాతైతే డాక్టరు సరేనన్నాకే నడకతో మొదలుపెట్టాలి. అరగంట వేగంగా నడిచినా మర్నాడు నీరసం లేకపోతే, నిమిషం పరుగు రెండు నిమిషాల నడక. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ ఉంటే ఈ వ్యాసం పక్కనపెట్టి ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రేసు మూడు వారాల్లో ఉంది, నొప్పి పోలేదు

మిగిలిన ఈ మూడు వారాల్లో కొత్తగా వచ్చే ఫిట్‌నెస్ పెద్దగా ఏమీ ఉండదు, సైకిలో ఈతో చేస్తే పోయేది కూడా తక్కువే. కాబట్టి మిస్సయిన లాంగ్ రన్ ఇప్పుడు చేయాలని చూడకండి. మన మారథాన్ రూట్‌లో ఫ్లైఓవర్లు ఎన్నో, ఎక్కడం ఊపిరికి కష్టం, దిగడం మోకాళ్లకి. వీలుంటే పది కిలోమీటర్లకి మార్చుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేసుకుని మాత్రం స్టార్ట్ లైన్ దగ్గరికి వెళ్లకండి, చెమటతో నీళ్లు పోతున్నప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి, పైగా ఆపమని చెప్పే నొప్పి తెలియకుండా పోతుంది. కట్టిన డబ్బు వాపసు రాదనే కారణంతో వెళ్తున్నట్టయితే ఫోను, ఆటోకి సరిపడా డబ్బు నడుం పౌచ్‌లో పెట్టుకోండి, కుంటడం మొదలైన చోటే ఆగి ఇంటికి రండి.