లఘుచిత్ర రచన – 5వ పాఠం: తొమ్మిది విన్నపాల్లోంచి మూడు

మాటలతోనే నడిచే పాత కథను తెరకెలా కుదించాలన్నది ఈసారి పాఠం. ఉదాహరణకు ప్రాచీన ఈజిప్టు రైతు కథ తీసుకుందాం. పన్నెండో రాజవంశం నాటి పపైరస్ (రెల్లు కాగితం) చుట్టల్లో దొరికింది. దర్శకుడు షాదీ అబ్దెల్ సలామ్ 1970లో దీన్నే సుమారు 20 నిమిషాల చిత్రంగా తీశారు.

గాడిదల మీద సరుకుతో వెళ్తున్న రైతు ఖునానుప్‌ను నెమ్తినఖ్త్ అనేవాడు దారికాచి దోచుకుంటాడు. రైతు పెద్ద అధికారి రెన్సీ దగ్గర తొమ్మిదిసార్లు మొరపెట్టుకుంటాడు.

ముందు దారి సీన్. సన్నటి బాట, ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు బార్లీ చేను. నెమ్తినఖ్త్ బాటకు అడ్డంగా బట్ట పరుస్తాడు: ఒక అంచు నీళ్ల మీద, ఇంకో అంచు బార్లీ మీద. తొక్కితే తప్పు, చేలో దిగితే తప్పు. ఈ ఇరుకు మొదటి లాంగ్ షాట్‌లోనే తెలియాలి. లేదంటే రైతే అజాగ్రత్తగా పోయాడనుకుంటారు. నీళ్లు ఎడమవైపు ఉంటే సీనంతా ఎడమవైపే ఉంచండి, కెమెరా గీత (సీను మధ్యగా ఊహించుకునే గీత) దాటితే చేను ఎటుందో అయోమయం. తర్వాత తడిసే అంచు, ఆపైన కంకి కొరికే గాడిద నోరు, రెండూ క్లోజప్‌లు. షూటింగ్‌కు ముందు గాడిదకు మేత పెట్టకండి, టేకుకో కొత్త కట్ట కంకులు సిద్ధంగా ఉంచుకోండి.

ఇక విన్నపాలు. పేజీకి నిమిషం లెక్కన తొమ్మిదీ రాస్తే సినిమా కాదు, ఉపన్యాసం. 1, 3, 9 చాలు. మొదటిది పొగడ్త: అనాథలకు తండ్రివి, విధవరాళ్లకు భర్తవి అంటాడు. మూడోదాంట్లో రెన్సీని త్రాసుతో పోలుస్తాడు, కొరడా దెబ్బలు తింటాడు, అయినా ఆగక నువ్వు సరంగు లేని పడవవంటాడు. తొమ్మిదోదాంట్లో నీమీద చచ్చినవాళ్ల దేవుడు అనుబిస్‌కే చెప్పుకుంటానంటాడు. బతిమాలడం, తెగించడం, ఆశ వదులుకోవడం: మెట్టు మారని విన్నపం ఎంత అందంగా ఉన్నా కోసేయండి. మిగిలిన రోజులు గడిచాయనడానికి రోజూ అందే పది రొట్టెలు, రెండు కూజాల బీరు చూపిస్తే సరి.

ఆ తిండి రాజు నెబ్కౌరే ఆజ్ఞ మీద రెన్సీ రహస్యంగా పంపించేదే. రైతు మాటలు వినాలనే సరదాతో రాజు, నువ్వు బదులివ్వకు, రాయించి పంపమని రెన్సీకి ఆజ్ఞాపిస్తాడు. దీన్ని చివరి మలుపుగా దాచాలనిపిస్తుంది, వద్దు. మూలంలో మొదటి విన్నపం తర్వాతే చెప్పేస్తారు. ప్రేక్షకుడికి తెలిసి రైతుకు తెలియనప్పుడే రెన్సీ మౌనానికి బరువు. ఫ్రేము మూలన లేఖకుణ్ని కూర్చోబెట్టండి. చివర్లో రైతు మాటలు చదివి వినిపించే పపైరస్ చుట్ట ఎక్కడిదని ఎవరూ అడగరు.

అభ్యాసం: మూడో విన్నపాన్ని రెండు పేజీల్లో రాయండి. రైతుకు ఆరు డైలాగులు. రెన్సీకి ఒక్కటీ లేదు, అతని చేతులు మాత్రం ఏం చేస్తున్నాయో రాయాలి. వచ్చే పాఠంలో దాన్నే షాట్లుగా విడగొడదాం.