మనవలతో నాణేల సేకరణ – మూడో పాఠం: సంవత్సరం కింద ఏముంది?

కిందటి పాఠంలో ఇంట్లో ఉన్న చిల్లరంతా పళ్లెంలో పోసి, పిల్లలచేత ఆకారాన్ని బట్టి వేరు చేయించాం. ఈసారి అదే చిల్లరను చదవడం నేర్పుదాం. కొత్తగా కావలసింది ఒక భూతద్దం మాత్రమే. స్టేషనరీ షాపులో దొరికే మామూలుది చాలు.

ఈ పాఠం ఆరేడేళ్లు దాటిన పిల్లలకు. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లు ఉంటే నాణేలను వాళ్లకు అందనివ్వకండి. మొదలుపెట్టే ముందు ఒకసారి, సర్దేటప్పుడు ఒకసారి లెక్కపెట్టండి. ఆ లెక్క మనవరాలే పెడితే మరీ మంచిది.

పళ్లెంలోంచి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఒక పది తీయండి. చేతి ముద్రలు ఉన్నవి దొరికితే వాటితో మొదలుపెట్టండి. 2007 నుంచి వచ్చిన ఆ వరుసలో రూపాయి మీద బొటనవేలు, రెండు రూపాయల మీద రెండు వేళ్లు కనిపిస్తాయి. అంకెలు చదవడం రాని పిల్లలు కూడా వాటిని ఇట్టే పోల్చుకుంటారు. నాణేన్ని అంచులతో పట్టుకోవడం ఇప్పుడే అలవాటు చేయండి. వేళ్ల చెమట, జిడ్డు బొమ్మ మీద పడకూడదు.

ఇప్పుడు అసలు పని. నాణెం మీద సంవత్సరం ఎక్కడుందో వెతకమనండి. దొరికాక, దాని కింద ఏం కనిపిస్తోందో భూతద్దంతో చూసి చెప్పమనండి. మీరు ముందే చెప్పేయకండి. తొందరపడి మనమే చూపించేస్తే వాళ్లకు వెతికే పని ఉండదు, ఆసక్తీ ఉండదు. ఒక్కో నాణేనికి రెండు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

చిన్న నక్షత్రం కనిపిస్తే అది మన హైదరాబాద్‌లో తయారైంది. వజ్రం ఆకారం ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. ఈ చివరిదాని దగ్గర పిల్లలు తికమకపడతారు. "ఏం లేదు తాతయ్యా" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఏమీ లేకపోవడమే కోల్‌కతా గుర్తు అని అప్పుడు చెప్పండి. ఆ మాట విన్నాక, పక్కన పెట్టేసిన నాణేలన్నీ మళ్లీ తీసి చూస్తారు. బాగా అరిగిన నాణెం అయితే మాత్రం గుర్తు చెరిగిపోయిందేమో చూసి, అనుమానంగా ఉంటే విడిగా ఉంచండి.

మీ పాత డబ్బాలో 1950లు, 60ల నాటివి ఉంటే వాటి మీద నక్షత్రం బదులు రెండుగా చీలిన వజ్రం గానీ, మధ్యలో చుక్క ఉన్న వజ్రం గానీ కనిపించవచ్చు. అవీ హైదరాబాద్‌వే.

నక్షత్రం దొరికిన రోజున ఊరి కథ చెప్పడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. మన టంకశాల, అంటే నాణేలు తయారయ్యే చోటు, 1803లో సుల్తాన్‌షాహీలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు వచ్చింది. మనమంతా మింట్ కాంపౌండ్ అని పిలిచేది అక్కడే. 1997లో తయారీ చెర్లపల్లికి మారింది. సైఫాబాద్ పాత భవనంలో 2022లో మింట్ మ్యూజియం తెరిచారు. తెరిచి ఉండే వేళలు కనుక్కుని ఒకసారి తీసుకెళ్లండి. తన చేతిలోని నక్షత్రం ఏ ఊరిదో తెలుసుకున్న పిల్లకు ఆ యంత్రాలను చూపించడం వేరు, ఏమీ తెలియని పిల్లకు చూపించడం వేరు.

మిగిలిన సమయంలో, ఇంట్లో అయస్కాంతం ఉంటే ఇవ్వండి. స్టీలు రూపాయి అతుక్కుంటుంది, పదకొండు అంచుల పాత రెండు రూపాయలు అతుక్కోదు. అది రాగి, నికెల్ కలిపి చేసింది. ఆ తేడా వాళ్లే కనిపెట్టాలి.

రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. "పావలా ఇస్తే షాపులో తీసుకుంటారా?" తీసుకోరు. పావలా, అంతకంటే చిన్నవి 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. రెండోది, "ఇది అమ్మితే ఎంతొస్తుంది?" మామూలు నక్షత్రం రూపాయికి రూపాయే అని నిజం చెప్పండి. పాత నాణేలకు లక్షలిస్తామనే ఆన్‌లైన్ ప్రకటనల జోలికి మీరూ పోవద్దు. తన పేరు వాడుకుని ఇలా మోసం చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది. మొదటి ఏడాదంతా ధరల మాట ఇంట్లో రాకపోతేనే మంచిదని నా గట్టి నమ్మకం. ధర తలకెక్కితే బొమ్మ కనపడదు.

చింతపండుతోనో, పీతాంబరితోనో తోముదామని ఎవరో ఒకరు అంటారు. వద్దు. పై పొర గీసుకుపోతే మళ్లీ రాదు, సేకరించేవాళ్లు చూడగానే పట్టేస్తారు. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వాడొద్దు, కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. చిన్న కాగితపు కవర్లు చాలు. పైన విలువ, సంవత్సరం, ఊరు మనవరాలి చేతిరాతతోనే ఉండాలి. అక్షరాలు వంకరపోయినా దిద్దకండి.

ఈ వారం అభ్యాసం: కిరాణా కొట్లో, ఆటోలో చిల్లర తీసుకునే పని వాళ్లకే ఇవ్వండి. నాలుగు ఊళ్లవీ ఒక్కొక్కటి దొరికేదాకా వెతకనివ్వండి. వచ్చే పాఠంలో నిజాం కాలపు వెండి నాణేల మీది చార్మినార్‌ను చూద్దాం. దాని గుమ్మంలో ఒక అక్షరం ఉంటుంది. మీ పెద్దల పెట్టెలో అలాంటిదేమైనా ఉందేమో ఈలోగా చూసి పెట్టుకోండి.